వేసవిలో అట్లాంటిక్ దాటాలంటే: టికెట్ ధర వెనక లెక్క

జూన్ నుంచి ఆగస్టు దాకా అమెరికా, యూరప్‌ల మధ్య విమాన ఛార్జీలు చూస్తే ఎవరికైనా గుండె గుభేలుమంటుంది. చలికాలంలో కనిపించిన ధరకు రెట్టింపు, ఒక్కోసారి అంతకంటే ఎక్కువ. అప్పుడే సలహాలూ మొదలవుతాయి. మంగళవారం అర్ధరాత్రి కొంటే తక్కువకు వస్తుందని ఒకరు, వెతికిన సంగతి బ్రౌజర్‌లో గుర్తుండని ఇన్‌కాగ్నిటో విండోలో వెతకమని ఇంకొకరు, రోజూ చూస్తూ కూర్చుంటే ఎప్పుడో ఒకప్పుడు పడిపోతుందని మరొకరు. వీటిని నమ్ముకుని కూర్చున్న కుటుంబాలు చివరికి అన్నిటికంటే ఎక్కువ ధరకు కొనడం చూస్తే బాధేస్తుంది.

వేసవిలో తక్కువ ధర సీట్లు లేకపోలేదు. కాకపోతే అవి కంటపడటానికి మనం ఏ గంటలో వెతికామన్నది పెద్దగా లెక్కలోకి రాదు. ఎక్కడి నుంచి బయల్దేరుతున్నాం, ఏ తేదీన సముద్రం దాటుతున్నాం, ఎంతమందిమి, ఏ ఊళ్లో దిగి ఏ ఊళ్లో ఎక్కుతున్నాం అన్నవే లెక్కలోకి వస్తాయి. ఎందుకో తెలియాలంటే ఎయిర్‌లైన్ సీటుకు ధర ఎలా కడుతుందో ముందు చూడాలి.

ఒకే క్యాబిన్, పది ధరలు

ఎకానమీలో సీట్లన్నీ చూడటానికి ఒకేలా ఉంటాయి. ఎయిర్‌లైన్ రిజర్వేషన్ సిస్టమ్‌లో మాత్రం అవి పదీ పన్నెండు ధరల కింద విడివిడిగా ఉంటాయి. వీటిని ఫేర్ బకెట్లు అంటారు. వై, బి, ఎం, హెచ్, క్యూ, కె, ఎల్ అంటూ ఒక్కో బకెట్‌కు ఒక్కో అక్షరం. వై అంటే సాధారణంగా పూర్తి ధర. మిగతా అక్షరాల వరుస ఎయిర్‌లైన్‌ను బట్టి మారుతుంది. అన్నిటికంటే తక్కువ ధర బకెట్‌లో ఒక ఫ్లైట్‌కు ముప్ఫై సీట్లు ఉండొచ్చు, రెండే ఉండొచ్చు, జూలై శుక్రవారం సాయంత్రం ఫ్లైట్‌కైతే ఒక్కటీ ఉండకపోవచ్చు.

ఏ బకెట్‌లో ఎన్ని సీట్లు తెరవాలన్న లెక్కకు పునాది 1972లో పడింది. అప్పటి బ్రిటిష్ ఎయిర్‌లైన్ బీఓఏసీలో పనిచేసిన కెన్ లిటిల్‌వుడ్ ఒక సూత్రం చెప్పారు. తక్కువ ధరకు ఇప్పుడే కొనేవాడు ఎదురుగా ఉన్నాడు, ఎక్కువ ధరకు కొనేవాడు తర్వాత రావచ్చు, రాకపోవచ్చు. ఒక సీటుకు ఇప్పుడు 500 డాలర్లు వస్తాయి, ఆగితే 1200 రావచ్చు అనుకుందాం. 500ను 1200తో భాగిస్తే సుమారు 42 శాతం. 1200 పెట్టేవాడు వచ్చే అవకాశం 42 శాతం దాటితే సీటు అట్టే పెట్టడమే ఎయిర్‌లైన్‌కు లాభం, దాటకపోతే 500కు అమ్మేయడం లాభం. ఈ సూత్రాన్ని అనేక ధరల మెట్లకు విస్తరించే పద్ధతిని 1980లలో ఎంఐటీలో పీటర్ బెలొబాబా రూపొందించారు. లెక్కలు ఇప్పుడు ఎంతో సంక్లిష్టమయ్యాయి గానీ మూల ప్రశ్న అదే.

ఫిబ్రవరి మంగళవారం నాటి ఫ్లైట్‌లో చివరి యాభై సీట్లకు ఆ అవకాశం 42 శాతానికి చాలా దిగువన ఉంటుంది. అందుకే చౌక బకెట్లు తెరిచే ఉంటాయి. జూలైలో చివరి సీటుకు కూడా గిరాకీ ఉంటుందని సిస్టమ్‌కు పాత ఏళ్ల లెక్కల వల్ల ముందే తెలుసు. కాబట్టి చౌక బకెట్‌ను మొదటి నుంచే చిన్నదిగా ఉంచుతుంది, లేదా అసలు తెరవదు. "చివర్లో మిగిలిన సీట్లు తక్కువకు ఇచ్చేస్తారు" అన్న ఆశ వేసవిలో అట్లాంటిక్ మీద పనిచేయకపోవడానికి కారణం ఇదే. బయల్దేరే రోజు దగ్గరపడేకొద్దీ తప్పనిసరిగా వెళ్లాల్సినవాళ్లే మిగులుతారు. వాళ్ల దగ్గర తగ్గించాల్సిన అవసరం ఎయిర్‌లైన్‌కు లేదు.

ఈ బకెట్ల పద్ధతిలో కుటుంబాలకు తెలియకుండా జరిగే నష్టం ఒకటుంది. నలుగురికి టికెట్లు వెతుకుతున్నారనుకోండి. చౌక బకెట్‌లో రెండే సీట్లు మిగిలాయి, ఒక్కోటి 640 డాలర్లు. పై బకెట్‌లో 810. నలుగురినీ ఒకే బుకింగ్‌లో అడిగితే, నలుగురికీ సరిపడా సీట్లున్న బకెట్‌నే చాలా సిస్టమ్‌లు చూపిస్తాయి. అంటే నాలుగు 810లు, మొత్తం 3240. ఇద్దరిద్దరుగా విడదీసి కొంటే 1280, 1620 కలిపి 2900. అవే సీట్లు, అదే ఫ్లైట్, 340 డాలర్ల తేడా. అందుకే ముందు ఒక్కరికి వెతికి చూడాలి, తర్వాత ఇద్దరికి, ఆపైన అందరికీ. ధర ఎక్కడ ఎగిరిందో అక్కడ బుకింగ్ విడగొట్టాలి. పిల్లల్ని మాత్రం పెద్దవాళ్లున్న బుకింగ్‌లోనే ఉంచాలి. కొన్నాక ఎయిర్‌లైన్‌కు ఫోన్ చేసి రెండు బుకింగ్‌లూ ఒకే కుటుంబానివని నోట్ పెట్టించుకోవాలి. ఫ్లైట్ రద్దయితే ఇద్దరిని ఒక దారిలో, ఇద్దరిని ఇంకో దారిలో పంపే ప్రమాదం దాంతో తగ్గుతుంది. పూర్తిగా పోదు.

ఇన్‌కాగ్నిటో నమ్మకం పుట్టింది కూడా ఇక్కడే. మొదటిసారి వెతికినప్పుడు ఒక ధర, పది నిమిషాల తర్వాత ఇంకో ధర కనిపిస్తే మనల్ని కనిపెట్టి పెంచారనిపిస్తుంది. ఆ పది నిమిషాల్లో జరిగింది సాధారణంగా రెండిట్లో ఒకటి: చౌక బకెట్‌లో చివరి సీటును ఎవరో కొనేశారు, లేదా వెతికే సైట్ ముందుగా దాచి ఉంచిన పాత ధర చూపించి, క్లిక్ చేశాక అసలు ధర తెచ్చింది. మంగళవారం మాటకు ఒకప్పుడు కొంత ఆధారం ఉండేది. ఎయిర్‌లైన్లు ఛార్జీలను అట్‌ప్కో అనే ఉమ్మడి సంస్థ ద్వారా ప్రకటిస్తాయి, ఆ ప్రకటనలు పాతరోజుల్లో పరిమిత సమయాల్లోనే వెళ్లేవి. ఇప్పుడు రోజులో ఎన్నోసార్లు వెళ్తాయి. వారంలో ఏ రోజు కొన్నామన్నదానికి విలువ పోయింది. ఏ రోజు ఎగురుతున్నామన్నదానికి మాత్రం విలువ అలాగే ఉంది.

సీజన్ ఎవరిది?

అట్లాంటిక్ వేసవి ఒక్కటి కాదు, రెండు. అమెరికాలో మొదలయ్యే ప్రయాణాలకు ఒకటి, యూరప్‌లో మొదలయ్యేవాటికి ఒకటి. అమెరికాలో చాలాచోట్ల బడులు మే చివర, జూన్ మొదట్లో మూస్తారు. దక్షిణాది రాష్ట్రాల్లో ఆగస్టు మొదటి పక్షంలోనే తిరిగి తెరుస్తారు. న్యూయార్క్ వైపు సెప్టెంబర్ మొదటి సోమవారం, అంటే లేబర్ డే దాటాక తెరుస్తారు. ఇంగ్లండ్‌లో జూలై మూడో వారం తర్వాత గానీ సెలవులు మొదలుకావు. అందువల్ల అమెరికా నుంచి యూరప్‌కు వెళ్లేవాళ్ల తాకిడి జూన్ నడుమ నుంచి ఆగస్టు తొలి వారాల దాకా ఎక్కువ. ఆగస్టు 20 దాటాక బయల్దేరితే ఛార్జీ గబగబా దిగుతుంది. ఇంగ్లండ్ నుంచి అమెరికా వెళ్లేవాళ్లకు తలకిందులు: జూన్‌లో కాస్త వెసులుబాటు ఉంటుంది, జూలై చివర, ఆగస్టు నెలలే భారం.

దీనికి తోడు చాలామందికి తెలియని నియమం ఒకటి ఉంది. రానూపోనూ టికెట్‌కు వర్తించే సీజన్‌ను చాలా ఫేర్లలో తొలిసారి సముద్రం దాటే తేదీయే నిర్ణయిస్తుంది. తిరుగు ప్రయాణం రద్దీ రోజుల్లో పడినా, బయల్దేరే తేదీ రద్దీ సీజన్ గీతకు ఇవతల ఉంటే తక్కువ సీజన్ ఛార్జీ దొరికే వీలుంది. తిరిగొచ్చే ఫ్లైట్‌లో ఆ బకెట్ తెరిచి ఉండాలన్నది మాత్రం షరతు. కాబట్టి సెలవును నాలుగైదు రోజులు జరపగలిగినవాళ్లు వెళ్లే తేదీని ముందుకో వెనక్కో జరపాలి. వచ్చే తేదీ జరిపితే వచ్చే లాభం సాధారణంగా ఇంతకంటే తక్కువ.

వారంలో రోజుల లెక్క కూడా ఫేర్ నియమాల్లోనే రాసి ఉంటుంది. అట్లాంటిక్ ఫేర్ కోడ్‌లలో, అంటే ఒక్కో ఛార్జీకి గుర్తుగా ఇచ్చే అక్షరాల వరుసల్లో, ఎక్స్ అక్షరం పనిదినాల ఛార్జీకి, డబ్ల్యూ అక్షరం వారాంతపు ఛార్జీకి గుర్తుగా తరచూ కనిపిస్తాయి. గురువారం రాత్రి నుంచి ఆదివారం దాకా బయల్దేరితే డబ్ల్యూ వైపు పడే అవకాశం ఎక్కువ. మంగళ, బుధవారాలు ఎప్పుడూ చూడదగ్గవి. గూగుల్ ఫ్లైట్స్‌లో తేదీల పట్టిక తెరిస్తే ఈ మెట్టు కళ్లకు కట్టినట్టు కనిపిస్తుంది. ఆ సేవ వెనక ఉన్నది ఐటీఏ సాఫ్ట్‌వేర్ అనే కంపెనీ కట్టిన ఇంజిన్. దాన్ని గూగుల్ 2011లో సొంతం చేసుకుంది. అదే ఇంజిన్ మీద నడిచే ఐటీఏ మ్యాట్రిక్స్ అనే ఉచిత పేజీలో ఫేర్ కోడ్‌లు, నియమాలు కూడా చదువుకోవచ్చు. టికెట్ అక్కడ కొనలేం గానీ, ధర ఎందుకలా ఉందో అర్థం చేసుకోవాలనుకునేవాళ్లకు అంతకంటే మంచి చోటు లేదు.

ముగ్గురి చేతుల్లో సముద్రం

వెతికినప్పుడు డజను ఎయిర్‌లైన్ల పేర్లు కనిపించడంతో పోటీ బాగానే ఉందనిపిస్తుంది. నిజానికి ఈ మార్గంలో అత్యధిక సీట్లు మూడు జట్ల చేతిలో ఉన్నాయి. యునైటెడ్, ఎయిర్ కెనడా, లుఫ్తాన్సా గ్రూప్ ఒక జట్టు. అమెరికన్, బ్రిటిష్ ఎయిర్‌వేస్, ఐబీరియా, ఫిన్‌ఎయిర్, ఎయిర్ లింగస్ రెండోది. డెల్టా, ఎయిర్ ఫ్రాన్స్-కేఎల్ఎం, వర్జిన్ అట్లాంటిక్ మూడోది. వీటికి అమెరికా రవాణా శాఖ, పోటీని కాపాడే యాంటీట్రస్ట్ చట్టం నుంచి మినహాయింపు ఇచ్చింది. అంటే జట్టు లోపలివాళ్లు ఛార్జీలను, టైమ్‌టేబుళ్లను కలిసి నిర్ణయించుకోవచ్చు, రాబడిని పంచుకోవచ్చు. ఈ మినహాయింపుల దారి 1993లో అమెరికా ఎయిర్‌లైన్ నార్త్‌వెస్ట్, డచ్ ఎయిర్‌లైన్ కేఎల్ఎంలతో మొదలైంది. ఒకే ఫ్లైట్ నాలుగు పేర్లతో నాలుగు వరుసల్లో కనిపిస్తే అది నాలుగు ఎంపికలు కాదు. ప్రయాణికుడికి దీనివల్ల కనెక్షన్లు సులువయ్యాయన్నది నిజమే. ధర విషయంలో మాత్రం ఇది మనకు మేలు చేసే ఏర్పాటని నేననుకోను.

అందుకే ఈ మూడు జట్ల బయట ఎవరున్నారో వెతకడం లాభదాయకం. జెట్‌బ్లూ 2021 ఆగస్టులో న్యూయార్క్ నుంచి లండన్‌కు మొదలుపెట్టి తర్వాత పారిస్, ఆమ్‌స్టర్‌డామ్, డబ్లిన్‌లకు విస్తరించింది. ఐస్‌లాండ్‌ఎయిర్ రెయిక్యావిక్ మీదుగా నడుస్తుంది. నార్స్ అట్లాంటిక్ 2022 జూన్‌లో ఆస్లో, న్యూయార్క్ మధ్య మొదలైంది. పారిస్ ఓర్లీ నుంచి ఫ్రెంచ్ బీ, కెనడా నుంచి ఎయిర్ ట్రాన్సాట్ ఉన్నాయి. ఇంకో వరుస చాలామంది దృష్టికి రాదు. ఎమిరేట్స్ మిలన్ నుంచి న్యూయార్క్‌కు, ఏథెన్స్ నుంచి న్యూవార్క్‌కు ఎగురుతుంది. సింగపూర్ ఎయిర్‌లైన్స్ ఫ్రాంక్‌ఫర్ట్, న్యూయార్క్ మధ్య ఎగురుతుంది. మూడో దేశపు ఎయిర్‌లైన్ రెండు దేశాల మధ్య ప్రయాణికుల్ని ఎక్కించుకునే హక్కును ఫిఫ్త్ ఫ్రీడమ్ హక్కు అంటారు. వాటి సీట్లు ఈ జట్ల లెక్కల్లోకి రావు గనక ఒక్కోసారి అదే వారంలో వాటి ధర గణనీయంగా తక్కువగా ఉంటుంది.

చౌక ఎయిర్‌లైన్లు ఇంకా ఎక్కువ ఉండొచ్చు కదా అంటే, ఈ సముద్రం మీద వాటి చరిత్ర విషాదమే. బ్రిటిష్ వ్యాపారి ఫ్రెడ్డీ లేకర్ నడిపిన స్కైట్రెయిన్ విమాన సర్వీసు 1977లో లండన్ నుంచి న్యూయార్క్‌కు 59 పౌండ్లకే మొదలైంది, 1982 ఫిబ్రవరిలో కూలిపోయింది. ఐస్‌లాండ్ ఎయిర్‌లైన్ వావ్ ఎయిర్ 2019 మార్చిలో ఆగిపోయింది. నార్వేజియన్ తన దూరప్రయాణ సర్వీసులను 2021 జనవరిలో వదులుకుంది. ఐస్‌లాండ్‌కే చెందిన ప్లే 2025 సెప్టెంబర్‌లో మూతపడింది. కారణాలు వేర్వేరుగా ఉన్నా అన్నిటికీ ఉమ్మడిగా ఉన్న చిక్కు చలికాలం. వేసవిలో నిండే విమానాలు నవంబర్ నుంచి మార్చి దాకా ఎక్కువ ఖాళీ సీట్లతో తిరుగుతాయి, విమానాల వాయిదాలు మాత్రం పన్నెండు నెలలూ కట్టాలి. పెద్ద ఎయిర్‌లైన్లు కూడా ఏడాది లాభంలో పెద్ద వాటాను వేసవి నెలల్లోనే పిండుకోవడానికి ఇదే కారణం. చిన్న ఎయిర్‌లైన్‌లో నెలల ముందు టికెట్ కొంటే క్రెడిట్ కార్డుతోనే కొనాలి. కంపెనీ మునిగితే డబ్బు వెనక్కి రాబట్టుకోవడానికి కార్డు కంపెనీయే దిక్కు.

ఎయిర్‌పోర్టును బట్టి పన్ను

సీటు ధర ఒకటే అయినా బయల్దేరే చోటును బట్టి మొత్తం మారిపోతుంది. బ్రిటన్ నుంచి బయల్దేరే ప్రయాణికుల దగ్గర ఎయిర్ ప్యాసింజర్ డ్యూటీ వసూలు చేస్తారు. అమెరికా దూరానికి ఎకానమీలో 2025 ఏప్రిల్ నుంచి 90 పౌండ్లు, 2026 ఏప్రిల్ నుంచి 102 పౌండ్లు. ప్రీమియం ఎకానమీకి వెళ్తే ఇది రెట్టింపుకు పైనే. 16 ఏళ్లలోపు పిల్లలకు ఎకానమీలో మినహాయింపు ఉంది. ఫ్రాన్స్ కూడా 2025 మార్చిలో తన విమాన పన్నును పెంచింది. ఐర్లండ్ మాత్రం ఇలాంటి పన్నును 2014లోనే ఎత్తేసింది. ఈ పన్ను బయల్దేరేటప్పుడే, దిగేటప్పుడు కాదు. కాబట్టి లండన్ చూడాలనుకున్నవాళ్లు లండన్‌లో దిగి, యాత్ర ముగించి డబ్లిన్ నుంచో మాడ్రిడ్ నుంచో తిరిగి ఎక్కితే ఆ 102 పౌండ్ల పన్ను పడదు. ఒక ఊళ్లో దిగి మరో ఊళ్లో ఎక్కే టికెట్‌ను ఓపెన్ జా అంటారు. సెర్చ్‌లో "మల్టీ సిటీ" అని ఉన్నచోట అడగాలి. రెండు విడివిడి వన్-వే టికెట్లుగా అడిగితే పెద్ద ఎయిర్‌లైన్లలో ధర చాలాసార్లు మండిపోతుంది. డబ్లిన్‌కు మరో సౌకర్యం ఉంది, అమెరికా ఇమిగ్రేషన్ తనిఖీ అక్కడే పూర్తవుతుంది.

హీత్రూలో ఏడాదికి 4,80,000 విమాన రాకపోకలకు మించి అనుమతి లేదు. కొత్త ఎయిర్‌లైన్‌కు స్లాట్, అంటే విమానం దిగడానికో ఎగరడానికో కేటాయించే సమయం, దొరకడమే గగనం. అలాంటి ఎయిర్‌పోర్టులో వేసవి ధర తగ్గుతుందని ఎదురుచూడటం కంటే, లిస్బన్, మాడ్రిడ్, డబ్లిన్, ఆస్లో లాంటి చోట్లకు సముద్రం దాటి అక్కడి నుంచి ముందుకు వెళ్లడం మేలు. ఐస్‌లాండ్‌ఎయిర్ రెయిక్యావిక్‌లో ఏడు రోజుల దాకా, టాప్ పోర్చుగల్ లిస్బన్‌లో లేదా పోర్టోలో పది రోజుల దాకా అదనపు ఛార్జీ లేకుండా ఆగనిస్తాయి. ఒకే టికెట్ మీద రెండు దేశాలు చూసినట్టవుతుంది.

కానీ ముందుకు వెళ్లే ముక్కను వేరే టికెట్‌గా కొంటే లెక్క మారిపోతుంది. మొదటి ఫ్లైట్ ఆలస్యమై రెండోది తప్పిపోతే రెండో ఎయిర్‌లైన్‌కు ఏ బాధ్యతా లేదు. పైగా చాలాచోట్ల బ్యాగులు తీసుకుని, ఇమిగ్రేషన్ దాటి, మళ్లీ చెక్-ఇన్ చేసుకోవాలి. అంటే ఆ దేశంలోకి అడుగుపెట్టినట్టే. వీసా అవసరమైన పాస్‌పోర్టు ఉన్నవాళ్లకు ఆ దేశానికి చెల్లే వీసా (షెంగెన్, బ్రిటన్ వీసా లాంటిది) లేకపోతే తొలి ఎయిర్‌పోర్టులోనే ఎక్కనివ్వరు. 200 డాలర్లు ఆదా చేయబోయి మొత్తం టికెట్ పోగొట్టుకునే పరిస్థితి ఇది. విడి టికెట్లు కొనాల్సి వస్తే మధ్యలో ఒక రాత్రి ఉండేలా చూసుకోండి. ఆ హోటల్ ఖర్చు కలిపాక కూడా ఆదా మిగిలితేనే కొనండి.

బ్యాగేజీ సంగతీ అంతే. బేసిక్ లేదా లైట్ అని రాసి ఉన్న ఛార్జీలో చెక్-ఇన్ బ్యాగు ఉండదు, కొన్నిట్లో సీటు కింద పట్టే చిన్న సంచికే అనుమతి. నలుగురి బ్యాగులూ కలిపాకే రెండు ధరలను పక్కపక్కన పెట్టి చూడాలి. మైల్స్ (ఎయిర్‌లైన్ ఇచ్చే పాయింట్లు) ఉన్నవాళ్లు కూడా వాడేముందు సర్‌ఛార్జీ చూసుకోవాలి. కొన్ని ఎయిర్‌లైన్లలో "ఉచిత" టికెట్‌కే వందల డాలర్లు కట్టాల్సి వస్తుంది.

ఎప్పుడు కొనాలి, కొన్నాక ఏం చేయాలి

చాలా ఎయిర్‌లైన్లు సుమారు 330 రోజుల ముందు నుంచి అమ్మడం మొదలుపెడతాయి. మొదటి రోజే కొనడం తెలివైన పని కాదు, అప్పటికి సేల్ ఛార్జీలు ఇంకా ప్రకటించి ఉండరు. వేసవి ప్రయాణానికి జనవరి నుంచి మార్చి దాకా గట్టిగా చూసి, ఏప్రిల్‌లోపు తేల్చుకోవడం మంచిదని నా అభిప్రాయం. పిల్లలతో జూలైలోనే వెళ్లక తప్పనివాళ్లు ఇంకా ముందే తేల్చుకోవాలి. గూగుల్ ఫ్లైట్స్‌లో ఒకేసారి ఏడు ఎయిర్‌పోర్టుల దాకా ఇచ్చి వెతకొచ్చు, ధర మారితే మెయిల్ వచ్చేలా పెట్టుకోవచ్చు.

కొనేటప్పుడు ఒక్కటి గట్టిగా గుర్తుంచుకోవాలి. ప్రయాణానికి కనీసం ఏడు రోజుల ముందు, అమెరికా నుంచి లేదా అమెరికాకు ఉన్న టికెట్‌ను ఎయిర్‌లైన్ దగ్గరే నేరుగా కొంటే, 24 గంటల్లోపు రద్దు చేసుకుంటే పూర్తి డబ్బు తిరిగి ఇవ్వాలి. లేదంటే కొనకముందే ఆ ధరను 24 గంటలు డబ్బు కట్టకుండా నిలిపి ఉంచే వీలు కల్పించాలి. ఇది అమెరికా రవాణా శాఖ నిబంధన. ఎక్కువ ఎయిర్‌లైన్లు మొదటి పద్ధతినే పాటిస్తాయి. కాబట్టి నచ్చిన ధర కనపడితే ముందు కొని, ఆ తర్వాత ఆఫీసులో సెలవు సంగతి, ఇంట్లో మిగతా సంగతులు తేల్చుకోవచ్చు.

ఒకే ధరకు రెండు ఎయిర్‌లైన్లు దొరికితే ఏది నడుపుతోందో చూసి ఎంచుకోండి. యూరోపియన్ యూనియన్ 261/2004 నిబంధన ప్రకారం ఈయూ నుంచి బయల్దేరే అన్ని ఫ్లైట్లకూ పరిహారం వర్తిస్తుంది. ఈయూకు వచ్చే ఫ్లైట్లకు మాత్రం ఈయూ ఎయిర్‌లైన్ నడిపితేనే. అంటే న్యూయార్క్ నుంచి పారిస్‌కు ఎయిర్ ఫ్రాన్స్ విమానం దాని తప్పు వల్ల నాలుగు గంటలకు పైగా ఆలస్యంగా చేరితే 600 యూరోలు అడగొచ్చు, అదే దారిలో డెల్టా విమానమైతే అడగలేం. టికెట్ మీద ఎవరి నంబరు ఉందన్నది కాదు, విమానం ఎవరిదన్నది ముఖ్యం.

కొన్నాక కూడా ధర చూస్తూనే ఉండాలి. 2020లో అమెరికన్, డెల్టా, యునైటెడ్ సంస్థలు అమెరికా నుంచి బయల్దేరే ప్రయాణాలకు బేసిక్ కాని ఎకానమీ టికెట్లపై మార్పు రుసుమును తీసేశాయి. మార్చిలో 900 డాలర్లకు కొన్న అదే ఫ్లైట్ మే నెలలో 760కి కనిపిస్తే, టికెట్‌ను ఆ ధరకు మార్చుకుని 140 డాలర్లను క్రెడిట్‌గా తీసుకోవచ్చు. అది నగదు కాదు, గడువు కూడా ఉంటుంది. బేసిక్ ఛార్జీకి ఈ వెసులుబాటు సాధారణంగా ఉండదు. రెండిటి మధ్య తేడా అరవై, డెబ్భై డాలర్లే ఉన్నప్పుడు బేసిక్ వదిలేసి పై ఛార్జీ కొనడానికి ఇదొక్కటే చాలినంత కారణం.